బల్లకి పద్నాలుగో మనిషి

ఏప్రిల్ 4, శుక్రవారం

నిన్న మధ్యాహ్నం దంతవైద్యులు. సలేర్నో నుంచి వచ్చారు, పదమూడు మంది. పళ్ళు మిలమిలా మెరుస్తున్నాయి గాని తలలు మాత్రం పరమ దరిద్రం. నా పక్కన కూర్చున్నాయన జుట్టుకి ఇంట్లోనే రంగేసుకున్నాడు, చెవి వెనక మరక అలాగే ఉంది. జీవితమంతా కత్తెర పట్టుకుని బతికినదాన్ని, నా కళ్ళు ముందు అక్కడికే పోతాయి.

"మీరు ఎవరి తరపు?" అని అడిగాడు.

"మీ సంఘం అధ్యక్షుల వారి పినతల్లి కూతుర్ని," అన్నాను. ఈసారికి ఇక్కడ వడ్డించే సాబాతో అనేవాడు నాకు కట్టబెట్టిన చుట్టరికం అది. అధ్యక్షుల వారికి ఆ సంగతి తెలియదు. అయినా నన్ను చూడగానే లేచి రెండు బుగ్గల మీదా ముద్దుపెట్టి, "పిన్ని ఎలా ఉంది?" అన్నాడు. బాగానే ఉందన్నాను. మంచి మర్యాదస్తుడు.

పచ్చి ఎర్రరొయ్యలు, నిమ్మరసంలో నానిన నెత్తళ్ళు, ఆల్చిప్పల స్పగెట్టి, చివరికి ఉప్పు పెంకులో కాల్చిన పండుగప్ప. సాబాతో తెల్ల తొడుగులు వేసుకుని బల్ల పక్కనే చిన్న సుత్తితో ఆ పెంకు పగలగొడతాడు. ఆవిరి పైకి లేవగానే దంతవైద్యులంతా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. వాడు మా కింది వాటాలో పెరిగాడు, వాడి ముక్కు తుడిచింది నేనే. శనివారం పుట్టాడని సాబాతో అని, అంటే శనివారం అనే, పేరు పెట్టిన ఇల్లు అది. ఇప్పుడు చూడండి, స్కొలియెరా హోటల్లో హెడ్ వెయిటర్.

చదువుకున్న డాక్టర్లు కూడా బల్ల దగ్గర పదమూడు మంది అయ్యేసరికి వణికిపోతారు. లాటరీలో పదమూడు తగిలితే వీధంతా మిఠాయి పంచుతారు. బల్ల దగ్గర మాత్రం, ముందు లేచినవాడు ఏడాది తిరక్కుండా పోతాడని ప్రాణభయం. వాళ్ళ భయం చల్లగా ఉండాలి. దాని పుణ్యాన పద్నాలుగో కుర్చీలో కూర్చుని నేను ఈ కోస్తాలోకెల్లా మంచి చేప తింటున్నాను. నల్ల గౌను వేసుకోవాలి, సెంటు కొట్టుకోకూడదు, అందరితో పాటు నవ్వాలి, అందరికంటే ముందు లేవకూడదు. అంతే పని. ఎవరైనా ఆలస్యంగా ఊడిపడి నేను లేకుండానే లెక్క సరిపోతే మాత్రం సాబాతో వచ్చి నా కుర్చీ వెనక చెయ్యి వేస్తాడు. అప్పుడు తలనొప్పి అని చెప్పి వెళ్ళిపోవాలి. ఇన్నాళ్ళలో అలా ఒక్కసారే అయింది, అదీ చేప రాకముందు. ఆ రోజు ఇంటికొచ్చి గుడ్డు ఉడకబెట్టుకున్నాను. నోట్లోకి పోలేదు.

ఏప్రిల్ 6, ఆదివారం

వాన. మోకాలు. నా పాత సెలూన్ అద్దం మీద "అద్దెకు ఇవ్వబడును" అని కాగితం అంటించారు. బల్ల, కుర్చీలు, అద్దాలు అన్నీ అమ్మేశాక ఆ గది ఎంత చిన్నదో తెలిసింది.

ఏప్రిల్ 9, బుధవారం

సాబాతో దారిలో ఎదురుపడ్డాడు. ఎదురుపడటం ఏమిటి, మా వీధి చివర నా కోసమే కాపు కాశాడు. వాడికి దాచడం చేతకాదు.

"అక్కా, మే పద్దెనిమిదిన ఒక బల్ల చెప్పారు. బాప్తిస్మం భోజనం."

"ఎవరు?"

"చిన్న బల్లే. బయట టెర్రస్ మీద వేస్తున్నాం."

"ఎవరని అడిగానురా."

వాడు బట్టతల తుడుచుకున్నాడు. "ఇలారియా."

నా కూతురు. ఈ పేరు ఈ డైరీలో రాసి ఎన్నాళ్ళయిందో. పాప ఫిబ్రవరిలో పుట్టింది. నాకు చెప్పింది మందుల షాపు ఆవిడ, దగ్గు మందు చేతికిస్తూ, "అమ్మమ్మవయ్యావటగా!" అని. అవునన్నాను. చాలా ముద్దుగా ఉందని కూడా అన్నాను. పేరేం పెట్టారని అడిగితే మాట మార్చి పిప్పరమెంట్లు కొన్నాను.

"ఎంతమంది?" అని వాణ్ణి అడిగాను.

"పదమూడు."

వాడు నా వైపు చూశాడు. నేను సముద్రం వైపు చూశాను.

"పాపతో కలిపితే పద్నాలుగు అవుతారు కదా," అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"కుర్చీ లేనివాళ్ళు లెక్కలోకి రారక్కా."

"సలేర్నోలో ఇల్లు పెట్టుకుని, అక్కడ హోటళ్ళే లేనట్టు, ఇంత దూరం ఎందుకట?"

"మా పండుగప్ప కోసం," అన్నాడు.

నిజమే. చేప మంచిది.

ఏప్రిల్ 10

వెళ్ళను.

ఏప్రిల్ 12, శనివారం

సాబాతో ఇంకా నన్ను అడగలేదు. అడిగితే రానని చెప్తాను. కాని చెప్పాలంటే ముందు వాడు అడగాలి కదా.

ఏప్రిల్ 15, మంగళవారం

అంతా ఒక రొట్టె దగ్గర మొదలైంది. ఎవరికైనా చెబితే నవ్వుతారు, అందుకే ఎవరికీ చెప్పను.

ఇలారియా పెళ్ళి భోజనం కూడా స్కొలియెరాలోనే. నా ఎదురుగా వియ్యపురాలు ఎద్విజెని కూర్చోబెట్టారు. బెర్గామో ఆవిడ. కొండల్లో, చలిలో పెరిగిన మనిషి, వాళ్ళకి సముద్రం అంటే పోస్టు కార్డు మీద చూసేది. వచ్చీ రాగానే రొట్టె అందుకుని బోర్లా పెట్టింది. రొట్టెని బోర్లా పెట్టకూడదని మా వైపు పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. వెనకటికి తలారికి పెట్టే రొట్టెని అలా తిప్పి పెట్టేవారట. ఇంటికి అరిష్టం. నేను చెయ్యి చాపి తిప్పాను. ఆవిడ మళ్ళీ బోర్లా పెట్టింది. మళ్ళీ తిప్పాను. ఈసారి నా చేతి మీద ఫట్‌మని ఒకటి వేసింది, నేను ఆవిడ రొట్టె కాజేస్తున్నాననుకుని!

"మా ఇంట్లో ఇలాగే పెట్టుకుంటామండీ," అంది.

దానికి నేను ఒక మాట అన్నాను. చిన్న మాటే. అంతే, గిటారు వాయించేవాడు కూడా ఆపేశాడు. ఇలారియా తెల్ల గౌనులో లేచి నిలబడి, "అమ్మా, ఇప్పుడే క్షమాపణ చెప్పు," అంది. క్షమాపణ చెబితే గిబితే రొట్టెకి చెప్తానన్నాను.

ఆ తర్వాత ఫోను లేదు. నేను చెయ్యలేదు, అది చెయ్యలేదు. ముక్కు మీద కోపం దానికి. ఎవరి పోలికో.

ఏప్రిల్ 20, ఈస్టర్

గోధుమల కేకు చేశాను. నలుగురికి సరిపడా చేశాను, అలవాటు కొద్దీ. పై వాటావాళ్ళకి సగం ఇచ్చాను. ఫోను పనిచేస్తోందో లేదో చూసుకున్నాను. పనిచేస్తోంది. మొన్న వాన పడింది కదా, అందుకని చూశాను.

ఏప్రిల్ 24, గురువారం

పద్నాలుగు అయ్యారట.

అల్లుడి తమ్ముడు కూడా వస్తానన్నాడట. అల్లుడి పేరు ఇవాన్, వాడి తమ్ముడి పేరు డెనిస్. బెర్గామోలో పునీతుల పేర్లన్నీ అయిపోయినట్టున్నాయి. పెళ్ళిలో చూశాను ఆ డెనిస్‌ని. నడినెత్తిన రెండు సుళ్ళు, దువ్వెనకి లొంగని జుట్టు. అలాంటివాళ్ళ మాట నిలకడగా ఉండదు.

"పోనీలే అక్కా," అన్నాడు సాబాతో ఫోనులో.

"పోనీలే ఏమిటి? నాకేమైంది? కుటుంబమంతా ఉంటేనే అందం."

ఫోను పెట్టేశాక కూరగాయల కత్తి కనబడలేదు, ఇల్లంతా వెతికాను. చేతిలోనే ఉంది.

ఏప్రిల్ 26, శనివారం

చర్చికి, పునీతుడు సాంత్ ఆంటోనియో దగ్గరికి వెళ్ళాను. ఆయన పండగ జూన్ పదమూడున. పదమూడు గురించి ఆయనతో కాక ఎవరితో మాట్లాడతాం? ఇప్పుడు చర్చిలో అసలు కొవ్వొత్తులు తీసేసి కరెంటువి పెట్టారు. నాణెం వేస్తే చిన్న బల్బు వెలుగుతుంది. ఆయనకి ఇవి ఆనుతాయో లేదోనని రెండు వెలిగించాను.

డెనిస్‌కి చిన్న జ్వరం రావాలని అడిగాను. పెద్దది వద్దు. జ్వరం కుదరకపోతే కడుపు నొప్పి అయినా సరే, మీ ఇష్టం అని చెప్పాను. పక్క బెంచీలో ఉన్న కొన్చెత్త, బేకరీ కొన్చెత్త, "మనవరాలి కోసమా?" అంది కళ్ళనీళ్ళు పెట్టుకుని. అవునన్నాను. అబద్ధం కాదు.

ఏప్రిల్ 30

జ్వరం వార్త ఏమీ లేదు. బెర్గామోవాళ్ళవి గట్టి ఒళ్ళు.

మే 2, శుక్రవారం

పదమూడు! మళ్ళీ పదమూడు!

బార్‌లో కాఫీ తాగుతుంటే సాబాతో వచ్చాడు. "డెనిస్ రావట్లేదక్కా."

"జ్వరమా?"

"జ్వరమెందుకు?"

"ఊరికే అడిగాను."

"ఏమో, రావట్లేదని ఇలారియా ఫోన్ చేసింది. లెక్క మళ్ళీ పదమూడయింది." కాఫీలో చెంచా తిప్పుతూ కూర్చున్నాడు. వాడు కాఫీలో చక్కెర వేసుకోడు, తిప్పడానికి ఏమీ లేదు. "పద్దెనిమిదిన ఖాళీయేనా?"

"ఆలోచించి చెప్తాను."

"నువ్వు రానంటే కొన్చెత్తని పిలుస్తాను."

"కొన్చెత్త నోరు తెరిచి నములుతుంది. మీ టెర్రస్ మీదా?"

"అయితే వస్తావా?"

"మీ హోటలు పరువు కోసం."

వాడు నవ్వలేదు. గొంతు తగ్గించాడు. "అక్కా, నీకొక మాట చెప్తాను, తిట్టకు. వియ్యపురాలు గారు కూడా వస్తున్నారు. ఈసారి నోరు కాస్త..."

"నా నోటికేం? పెళ్ళిలో నేనేమన్నానని ఇంత రాద్ధాంతం?"

"ఏమన్నావో నేను విన్నాను. ఆ బల్లకి వడ్డించింది నేనే కదా. 'అందుకే కాబోలు మీ ఇంట్లో మగవాళ్ళు నిలవరు' అన్నావు. అప్పటికి ఆవిడ భర్త పోయి ఏడాది కూడా కాలేదు."

నాకు గుర్తులేదని చెప్పి వచ్చేశాను. గుర్తుంది. కాని అది తిట్టు కాదు, హెచ్చరిక. రోడ్డు మీద గుంత ఉందని చెబితే చెప్పినవాడిదా తప్పు?

మే 3

సాంత్ ఆంటోనియోకి ఇంకో బల్బు. డెనిస్‌కి నిజంగానే ఏమైనా అయిందేమోనని కొంచెం బెంగగా కూడా ఉంది. వాడికి ఏమీ కాకూడదని కూడా చెప్పాను. ఆయన తికమకపడి ఉంటాడు.

మే 7, బుధవారం

జుట్టుకి రంగు వేసుకున్నాను. చెవుల వెనక శుభ్రంగా తుడుచుకున్నాను. హోటలు పరువు.

మే 11, ఆదివారం

ఈరోజు అమ్మల పండగట. టీవీ నిండా గులాబీలు. ఎదురింటావిడ కొడుకు, వాడికి నలభై ఏళ్ళు, తల్లికి పూలగుత్తి తెచ్చాడు. గుత్తి మీద ధర చీటీ తియ్యడం మరిచిపోయాడు, వెధవ. ఆవిడ దాన్ని అలాగే కిటికీలో పెట్టింది, వీధంతా చూడాలని.

పొద్దుటినుంచీ ఒకటే ఆలోచన. పద్దెనిమిదిన ఇలారియా నన్ను చూసి బయటికి పొమ్మంటే? "ఈవిడ వద్దు, వేరేవాళ్ళని పిలవండి" అంటే? హక్కు ఉంది దానికి. బల్ల దానిది. అలా అంటే నేనేం చెయ్యాలి? తలనొప్పి అని చెప్పాలి. పాప మొహం ఒక్కసారి చూశాక అనమను, అప్పుడు ఏమన్నా సరే.

ఇంకొకటి. మా ఆయన నికోలా ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో రొట్టె ఒక్కసారి కూడా బోర్లా పెట్టలేదు. పొరపాటున కూడా. అయినా పోయాడు, పడవకి రంగు వేస్తూ వేస్తూ, చేతిలో బ్రష్షుతో. ఇది ఎందుకు రాశానో నాకే తెలియదు.

మే 17

నల్ల గౌను ఇస్త్రీ చేశాను. మళ్ళీ చేశాను.

మే 18, ఆదివారం

ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలియడం లేదు. వరసగానే రాస్తాను.

టెర్రస్ మీద తెల్ల బల్లగుడ్డ, గాలికి ఎగరకుండా అంచులకి ఇత్తడి చేపలు వేలాడదీశారు. అందరూ అప్పటికే కూర్చున్నారు. ఇలారియా చిక్కిపోయింది. జుట్టు ఎవడో పనికిమాలినవాడు కత్తిరించాడు, ఎడమవైపు పొడుగు, కుడివైపు పొట్టి. దాని తల మీద నేను కాకుండా ఇంకొకరు కత్తెర పెట్టడం అదే మొదటిసారి.

సాబాతో గొంతు సవరించుకుని, ఎప్పుడూ చెప్పినట్టే చెప్పాడు. "ఇలారియా గారూ, బల్లకి పద్నాలుగో మనిషి వచ్చారు."

అది తల ఎత్తి చూసింది. నన్ను చూసి ఉలిక్కిపడలేదు. కోపం కూడా కనబడలేదు. "కూర్చోండి," అంది.

కూర్చోండి! నా కూతురు నన్ను "అండి" అంది. చెంపదెబ్బ కొట్టినా అంత మండేది కాదు.

నా కుర్చీ చివర్న, పాప బండి పక్కన వేసి ఉంది. ఎవరు వేశారో అడగలేదు. పాప నిద్రపోతోంది. పిడికిళ్ళు బిగించి, పెదవి ముందుకు పెట్టి, ఎవరితోనో పోట్లాడుతున్నట్టుంది. పళ్ళెం పక్కన గులాబీ రంగు పంచదార బాదంపప్పుల పొట్లం, దాని మీద పేరు అచ్చు వేశారు: మతిల్డే. నా పేరు కాదు, ఎద్విజె పేరూ కాదు. మంచిపని చేశారు. ఎర్మెలిండా అని నా పేరు పెట్టి ఉంటే పిల్ల జీవితాంతం నన్ను తిట్టుకునేది. మతిల్డే, మతిల్డే అని లోపల నాలుగైదుసార్లు అనుకుని చూశాను. నోటికి బాగుంది.

ఇవాన్ మేనమామ ఒకాయన, ఏమీ తెలియని అమాయకుడు, రొయ్య వొలుస్తూ అడిగాడు. "మీరు ఎవరి తరపండీ?"

బల్లంతా నమలడం ఆపేసింది.

"దూరపు చుట్టాన్ని," అన్నాను.

ఇలారియా తన పళ్ళెంలోకి చూస్తోంది. ఇవాన్ నీళ్ళు తాగాడు, గ్లాసులో నీళ్ళు లేవు.

ఎద్విజె సరిగ్గా నా ఎదురుగా ఉంది. ముందు రొట్టె. బోర్లా. నన్ను పరీక్షించడానికి పెట్టిందో, అలవాటుగా పెట్టిందో తెలియదు. నేను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాను. నెత్తళ్ళు వచ్చాయి. చేతుల మీద కూర్చుని నెత్తళ్ళు తినడం కుదరదు. ఒక చెయ్యి బయటికి తీసి తిన్నాను, రెండోదాన్ని గట్టిగా అదిమిపెట్టాను. ఎద్విజె అంతా చూస్తూనే ఉంది.

అప్పుడు వచ్చాడు డెనిస్.

భుజాన సంచి, చెమటలు, నెత్తిన రెండు సుళ్ళూ రెండు వైపులకి. "క్షమించాలి, రైలు లేటు!" అని అందరికీ చెయ్యి ఊపాడు. ఒళ్ళు దుక్కలా ఉంది, జ్వరం లేదు, గిరం లేదు. కుర్చీ తెచ్చి వేశారు. నేను లెక్క పెట్టలేదు, పెట్టక్కర్లేదు. నేను లేకపోయినా ఇప్పుడు వాళ్ళు పద్నాలుగు.

సాబాతో వచ్చాడు. వాడి మొహం చూడలేదు. నా కుర్చీ వెనక చెయ్యి పడటం మాత్రం తెలిసింది. పాపం, వాడి ఉద్యోగం వాడిది, యజమాని లోపల అద్దం వెనక నుంచి చూస్తూనే ఉంటాడు.

లేచాను. సంచి తీసుకున్నాను. పాపని ఇంకొకసారి చూశాను. "కాస్త తలనొప్పిగా ఉంది, వెళ్ళొస్తానండీ," అన్నాను.

"కూర్చో," అంది ఇలారియా.

"లెక్క సరిపోయింది కదా. ఇంక పద్నాలుగో మనిషితో పనేముంది?"

"కూర్చోమన్నానా!"

ఇవాన్ తన తమ్ముడి మీద విరుచుకుపడ్డాడు. "నువ్వు రానన్నావు కదరా?"

"నేనెప్పుడన్నాను?" అన్నాడు డెనిస్, అప్పటికే నోట్లో రొట్టె కుక్కుకుని. "వదినే రావద్దంది. 'నువ్వొస్తే పద్నాలుగు అయిపోతాం, నాకు పదమూడే కావాలి, ఈ ఒక్కసారికి రాకు, నీకు విడిగా విందు చేస్తాను' అంది. పదమూడుతో ఏం పనో నాకు చెప్పలేదు. సరేనని ఊరుకున్నాను. మొన్నేమో అమ్మ ఫోన్ చేసి వచ్చి తీరాల్సిందే అంది. నేను ఎవరి మాట వినాలి?"

పదమూడే కావాలి.

సంచి కింద పెట్టి కూర్చున్నాను. ఇలారియా మొహం చెవులదాకా ఎర్రబడింది. చిన్నప్పుడు నా పర్సులో నాణేలు తీసి పట్టుబడ్డప్పుడు ఇలాగే ఎర్రబడేది. ఈ హోటల్లో పదమూడంటే ఎవరిని పిలుస్తారో దానికి తెలియదూ? ఈ ఊళ్ళో కుక్కకి కూడా తెలుసు. ఫోన్ చేసి రమ్మంటే దాని ముక్కు అరిగిపోతుంది. అందుకని తొమ్మిది వందల కిలోమీటర్ల అవతల ఉన్న మరిదిని ఆపింది. ఎంత మొండిదాన్ని కన్నాను! ఎంత మంచిదాన్ని కన్నాను!

"నువ్వెందుకు పిలిచావమ్మా వాణ్ణి?" అని ఇవాన్ తన తల్లిని అడిగాడు.

ఎద్విజె చేతిరుమాలు నాలుగు మడతలు పెట్టింది, విప్పింది. "పదమూడు మందిమని తెలిసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు."

"నీకు ఇలాంటివి నమ్మకం లేదు కదా?"

"నమ్మకం లేదు. భయం ఉంది." ఆవిడ పాప బండి వైపు చూసింది. "నా ఒక్కదాని సంగతైతే పట్టించుకోను. పిల్ల ఉంది కదరా ఇంట్లో."

అని, ఎవరి వైపూ చూడకుండా, తన రొట్టెని వేలితో తిప్పి తిన్నగా పెట్టింది.

నాకు ఏదో ఒకటి అనాలని ఉంది. క్షమాపణ లాంటి మాటలు నా నోటికి రావు, నేర్పలేదు మా అమ్మ. వచ్చింది ఇది. "మా ఆయన పోయిన రోజు మా ఇంట్లో రొట్టె తిన్నగానే ఉందండీ."

ఆవిడ రొట్టె మీంచి చెయ్యి తీసింది. "ఎలా పోయారు?"

"పడవకి రంగు వేస్తూ. మీ వారు?"

"కారు కడుగుతూ."

"నేనే వెయ్యమన్నాను రంగు."

"నేనే కడగమన్నాను."

ఎవరు ముందు నవ్వారో తెలియదు. నేను కాదనే అనుకుంటున్నాను. ఆవిడ భుజాలు కదిలాయి, నాకు రొయ్య గొంతుకి అడ్డంపడింది, ఇద్దరం మొహాలకి రుమాళ్ళు అడ్డం పెట్టుకుని పగలబడి నవ్వాం. మేనమామ శిలువ గుర్తు వేసుకున్నాడు. భర్తలు పోయిన సంగతికి వితంతువులు ఇలా నవ్వడం ఆయన ఎన్నడూ చూసి ఉండడు. నవ్వులోంచి నాకు ఏడుపు వచ్చేసింది, ఆవిడకీ వచ్చినట్టుంది, ముక్కు చీదుకుంది. బెర్గామోవాళ్ళు చీదుకోవడం కూడా పెద్ద చప్పుడుతో చీదుకుంటారు.

సాబాతో చేప తెచ్చాడు. సుత్తి గురి తప్పి పళ్ళెం మీద పడింది. ఇన్నేళ్ళలో వాడి సుత్తి గురి తప్పడం నేను చూడలేదు. "ఏడవకురా, ఉప్పు ఎక్కువవుతుంది," అన్నాను. "నేనెక్కడ ఏడుస్తున్నానక్కా, ఆవిరి," అన్నాడు.

ఇలారియా లేచి బండిలోంచి పాపని తీసి నా ఒళ్ళో పెట్టింది.

"పట్టుకో. నేను ముళ్ళు తీసుకోవాలి."

ఎడం చెయ్యి ఇంకా తిమ్మిరిగానే ఉంది. పాప కళ్ళు తెరిచి నన్ను చూసింది, నచ్చలేదు, ఏడ్చింది, మళ్ళీ చూసింది, ఊరుకుంది. నెత్తిన నాలుగు వెంట్రుకలు, సుడి ఒక్కటే. చేప చల్లారిపోయింది. ఆ చేపని ముట్టకుండా వదిలేయడం నాకు ఇదే మొదలు. కాఫీలు అయ్యాయి, కేకు అయింది, పాప నా వేలు పట్టుకుని నిద్రపోయింది. ఆ వేలు తియ్యమంటే తెగ్గోసుకుంటాను గాని తియ్యను అనిపించింది.

బయల్దేరేటప్పుడు ఇలారియా బస్టాపు దాకా వచ్చింది. ఇద్దరం సముద్రం వైపు చూస్తూ నిలబడ్డాం. మాటలు రావు మా వంశంలో, అరుపులే వస్తాయి.

"వచ్చే ఆదివారం భోజనానికి ఇంటికి రా," అంది.

"ఎంతమంది?" అన్నాను. అలవాటు.

"మేం ముగ్గురమే."

"ముగ్గురే అయితే నేనెందుకే?"

"అమ్మా, నోరు మూసుకుని రా."

బస్సు ఎక్కాక ఏడుపు ఆగలేదు. పక్క సీటావిడ భుజం మీద చెయ్యి వేసి ఏమైందమ్మా అని అడిగింది. భోజనం చాలా బాగుందని చెప్పాను.